ఆఖరి పీరియడు కడుపునొప్పి

ఆ బడి వట్టి చదువుల బడి కాదు. ఒక గదిలో పాఠాలు, పక్క గదిలో పళ్ల డాక్టరు, ఆ పక్కన పిల్లల కష్టసుఖాలు వినే టీచరమ్మ. మందుల గది నర్సమ్మది. భర్త పోయాక ఆవిడకు ఆ గదే ఇల్లయింది. ఇంటికి వెళ్లి తాళం తీస్తే పలకరించే దిక్కు టీవీ ఒక్కటే. అదీ ఆవిడ పెడితేనే మాట్లాడుతుంది!

మూడో తరగతి పిల్ల ఒకతె రోజూ ఆఖరి పీరియడులో పొట్ట పట్టుకుని వచ్చేది. జ్వరం ఉండదు, వాంతి ఉండదు. మంచమెక్కి కాళ్లూపుకుంటూ లోకంలోని కబుర్లన్నీ చెప్పేది.

"నర్సమ్మా, నీకు కోపమొస్తే ఎవరిమీద అరుస్తావు?"

"నాకెవరున్నారే? గోడల మీద అరుస్తా."

"మరి గోడలు ఏడవవా?"

నర్సమ్మ పడీపడీ నవ్వేది.

బడిలో ఒక పద్ధతి ఉంది. కారణం కనపడని నొప్పితో ఏ పిల్లయినా మూడోసారి వస్తే టీచరమ్మ దగ్గరకు పంపాలి. నర్సమ్మకు తెలియక కాదు. పంపితే పిల్ల ఇక రాదు, అదీ అసలు సంగతి. రేపు పంపుదాం, ఎల్లుండి పంపుదాం అంటూ నెల దాటించేసింది, మహాతల్లి!

ఒక సాయంత్రం ఇంటిగంట కొట్టినా పిల్ల మంచం దిగలేదు. రెక్క పట్టుకుని లేపబోతే మంచం కోడు గట్టిగా పట్టుకుంది.

"అమ్మ వచ్చేసరికి చీకటి పడుద్ది. అందాకా ఇంట్లో ఒక్కదాన్నే తలుపేసుకుని మంచం కింద కూర్చుంటా. నాకు భయం నర్సమ్మా."

నర్సమ్మ గుండె చెరువైంది. ఇన్నాళ్లూ ఈ పిల్ల భయంతో తను కాలక్షేపం చేసిందా! తనమీద తనకే అసహ్యం వేసింది. అప్పటికప్పుడు పిల్ల చెయ్యి పట్టుకుని టీచరమ్మ గదికి తీసుకుపోయింది. "ముందే తేవాల్సింది. తప్పు నాదే" అని చెప్పేసింది. టీచరమ్మ తల్లికి ఫోన్ చేసింది. ఆమె వచ్చేదాకా పిల్ల బడి హాల్లోనే తోటిపిల్లలతో ఉండేట్టు ఏర్పాటైంది.

నొప్పి మాయం. పిల్లా మాయం. హాల్లోంచి దాని నవ్వు వినపడితే నర్సమ్మకు సంతోషమే. కానీ ఆఖరి పీరియడు మాత్రం ఎంతకీ కదిలేది కాదు.

ఒకరోజు గుమ్మంలో అలికిడి. ఆ పిల్లే! నర్సమ్మ గబుక్కున లేచింది.

"ఏమే, మళ్లీ కడుపునొప్పా?"

తన గొంతులోని ఆశ తనకే వినపడి, ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది.

"లేదు నర్సమ్మా. మా జట్టు అమ్మాయికి మోకాలు గీరుకుపోయింది. దూది కావాలంట."

దూది అందుకుని పిల్ల ఒకటే పరుగు.

"మెల్లగా వెళ్లవే, పడతావు!" అని కేకేసింది నర్సమ్మ. పడితే తన దగ్గరకే వస్తుందన్న ఆలోచన మెదిలింది. ఛీ అనుకుని తలుపు మూసేసింది.