అబిగయీలు వంతు

రెండు పొట్టి హారన్లు, కాసేపాగి ఒక పొడుగు హారన్. ఆ మోత ఎవరి కోసమో కోట ఊళ్ళో ఆ సందుకంతా తెలుసు. ఎదురింటి వసారాలో బియ్యం ఏరుతున్న మాలకొండమ్మ తల ఎత్తకుండానే అరిచింది: "అబిగయీలూ, నీ చుట్టం వచ్చినాడు!"

మెడలో టేపుతో, వేళ్ళకు దారపు పోగులతో అబిగయీలు బయటికొచ్చింది. జాకెట్లు కుట్టే మనిషి. కోపంతో ముఖం ఎండలో పడ్డ సూదిలా మెరుస్తోంది.

పార్సిళ్ళు తెచ్చే సుబ్బు పెద్ద అట్టపెట్టె దించాడు. దాన్ని చూడగానే ఆమెకు మంచం కింద ఉప్పుగాలికి మెత్తబడి పడుకున్న పెట్టెలన్నీ గుర్తొచ్చాయి. రంగుల దీపాల తోరణం, గోడకు అతికించే సీతాకోకచిలుకలు, ఒక్కసారైనా రసం తీయని యంత్రం. కుట్టుమిషన్ కాస్త ఆగితే చాలు, బొటనవేలు ఫోను మీదికి పోయేది. ఆఫరు ముగుస్తోందంటే తన ఆయుష్షే ముగుస్తున్నట్టు గాబరాగా నొక్కేది.

వాళ్ళ చర్చి ఆడవాళ్ళు ప్రతి శుక్రవారం సాయంత్రం వంతులవారీగా ఒకరింట్లో కూడిక పెట్టుకుంటారు. పాట, ప్రార్థన, ఆ ఇంటి భోజనం, ఆపైన తనివితీరా కబుర్లు. తన వంతు వచ్చినప్పుడల్లా చేతిలో డబ్బుల్లేక అబిగయీలు ఏదో ఒక సాకు చెప్పేది. తిరిగి పెట్టలేనిదాన్ని తినడానికి ఏ ముఖంతో పోవాలని మిగతా ఇళ్ళకూ మానేసింది. శుక్రవారాలు ఆమె లేకుండానే నవ్వుకోవడం నేర్చుకున్నాయి.

పోయిన ఆదివారం చర్చి మెట్ల దగ్గర, కూడికల సంగతి చూసే నవోమి ఆమె భుజం మీద చెయ్యేసింది. "నీకెందుకు మే ఇబ్బంది, ఈసారి కూడా నీ వంతు దాటేస్తాంలే."

తిట్టినా బాగుండేది. ఆ జాలి ఒంటికి కారంలా అంటుకుంది. "దాటేదానికి నేనేమన్నా మురిక్కాలవనా అక్కా? ఈ శుక్రవారం మా ఇంట్లోనే!"

అలా అన్న మనిషే మర్నాడు, వచ్చేవాళ్ళకు మంచి ప్లేట్లు లేవని, బంగారు అంచు డిన్నర్ సెట్టు ఆర్డర్ పెట్టింది. ఈరోజే శుక్రవారం. చేతిలో ఉన్నవి చేపలకని దాచిన డబ్బులు. అవి ఇస్తేనే సుబ్బు పెట్టె ఇస్తాడు.

"ఎందుకు తెస్తావురా? నీకు వేరే ఊరు లేదా?"

"నువ్వు నొక్కినావు, నేను తెచ్చినా. నన్ను తిడతావేందక్కా?"

మాలకొండమ్మ చేట పక్కన పెట్టింది. "ఏమొచ్చిందిమే ఈసారి?"

"ప్లేట్లు. కూడికకి."

"మీవాళ్ళు ఎవరి కంచం వాళ్ళే తెచ్చుకుంటారు గదమే! శుక్రవారం శుక్రవారం నవోమి సంచిలో కంచం మోగించుకుంటా పోతాది, నేను చూడలా?"

నిజమే. పెట్టే ఇంటికి భారం కాకూడదని మొదటినుంచీ వాళ్ళకున్న అలవాటు అది. ఎదురింటి మనిషికి గుర్తున్నది తనకు గుర్తులేదు. ఆ మరుపు ఆమెను చెంప మీద కొట్టింది.

"ఎత్తుకుపో," అంది సుబ్బుతో.

"తెరిచైనా చూడవా అక్కా? బాగుంటాయేమో."

"బాగుంటాయనే ఎత్తుకుపొమ్మంటున్నా!"

బండి మలుపు తిరిగేదాకా ఆమె కళ్ళు ఆ పెట్టెను వదల్లేదు. తర్వాత చెప్పులేసుకుని, దారిపొడుగునా తనను తాను తిట్టుకుంటూ చేపల మార్కెట్టుకు నడిచింది.

ఆ సాయంత్రం పులుసులో ఉప్పు ఎక్కువైంది. అయినా ఎవరూ త్వరగా లేవలేదు. నవోమి మళ్ళీ కంచం చాపి, "ఎవరిమీద కసితో వేసినావు మే ఈ ఉప్పు?" అంటే ఇల్లంతా నవ్వింది. అబిగయీలు నవ్వలేదు. ఇలాంటి శుక్రవారాలెన్నింటినో తన వేలే తనకు దక్కకుండా చేసిందని ఒళ్ళు మండుతోంది.

తర్వాత ఒకరోజు, ఇదంతా రాయొచ్చా అని నేను అడిగితే, మిషన్ ఆపకుండానే చెప్పింది:

"రాసుకోండి. బుద్ధొచ్చింది, మారిపోయింది అని మాత్రం రాయొద్దండి. నిన్న కూడా ఒక నైటీ చూసి ఎంతసేపు పెనుగులాడినానో నాకే తెలుసు. నాకొచ్చింది బుద్ధి కాదు, కోపం. అది చల్లారకూడదని ప్రార్థన చేయండి."