శనక్కాయల మూటల లెక్క

మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే నన్ను పిలవరు. పిలిస్తే నేను గాలితో కాదు, పిలిచినవాళ్ళతో గొడవ పెట్టుకుంటానని అందరికీ తెలుసు. దయ్యాన్ని చూశానన్న మనిషిని సాక్ష్యం అడిగి అడిగి, చూడలేదని తనతోనే అనిపించిన చరిత్ర నాది. హిందూపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్ళుగా స్టాటిస్టిక్స్ చెబుతున్నాను. లోకంలో వింతలు లేవు, అరుదుగా జరిగేవి ఉంటాయి, అంతే అని పిల్లలకు నూరిపోసినదాన్ని. ఇప్పుడు రాయబోయేది ఆ మాటలో ఇమడదు. అయినా జరిగింది జరిగినట్టే రాస్తాను.

ముందు మా పని ఎట్లా ఉంటుందో చెప్పాలి. పరీక్షలకు ప్రాక్టీసు ప్రశ్నలు మేమే తయారుచేసి ఇస్తాం. పుస్తకంలో ఉన్న లెక్కలకు జవాబులు సీనియర్ల దగ్గర దొరుకుతాయి కాబట్టి కొత్త అంకెలు కావాలి. వాటి కోసం మేం ఎక్కడికీ వెళ్ళి కొలవం. ముందు జవాబు అనుకుంటాం. ఆ జవాబు వచ్చేలాగా అంకెలను వెనక నుంచి వంచుకుంటూ వస్తాం. సగటు పూర్ణాంకం రావాలి, రేఖ వాలు పూర్ణాంకం రావాలి, లెక్క చక్కగా తెగాలి. నిజమైన అంకెలు అట్లా తెగవు. వెనకాల దశాంశాలను ఈడ్చుకుంటూ వస్తాయి. చక్కగా తెగిందంటే ఎవరో కూర్చుని తయారుచేశారనే లెక్క.

ఆ ఎండాకాలం సెలవుల్లో రాసిన ప్రశ్నల్లో ఒకటి ఇది. ఒక గోడౌన్‌లో వారం వారం మిగిలిన శనక్కాయల మూటలు 72, 56, 45, 34, 18. వీటికి సరళరేఖను అమర్చి, ఆరో వారం ఎన్ని మూటలు ఉంటాయో అంచనా వేయండి.

రేఖ వారానికి పదమూడు చొప్పున దిగుతుంది. జవాబు ఆరు. కాలేజీ తెరిచిన వారంలోనే జిరాక్సులు తీయించి పంచాను. ఇది గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే అప్పటికి మా అక్కకు ఏ జబ్బూ లేదు.

అక్కది ధర్మవరం. బావకు పట్టుచీరల మగ్గాలున్నాయి. వినాయక చవితి దాటాక అక్క చేతుల మీద ఎర్రటి చుక్కలు లేచాయి. దోమలు అనుకున్నారు. తర్వాత చిగుళ్ళ నుంచి రక్తం కారింది. బెంగళూరుకు తీసుకుపోతే, ఎముకల్లో మూలుగ పనిచేయడం ఆగిపోతోందన్నారు. మందులు రాసిచ్చి, వారానికోసారి ఊళ్ళోనే రక్తపరీక్ష చేయించి ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయో తెలపమన్నారు. మామూలు మనిషికి లక్షన్నర పైన ఉంటాయి. మరీ తగ్గితే లోపల ఎక్కడైనా రక్తం కారి మనిషి పోవచ్చు. మందు పట్టిందంటే ఆ అంకె పైకి లేస్తుంది. ఇంటిల్లిపాదీ దానికోసమే చూస్తూ కూర్చున్నాం.

బావ రిపోర్టులు నాకు ఫోన్‌లో పంపేవాడు. మొదటిది డెబ్బై రెండు వేలు. తర్వాత యాభై ఆరు, తర్వాత నలభై ఐదు, ముప్పై నాలుగు. దిగుతోందన్న భయం తప్ప నాకు మరేమీ తట్టలేదు.

నాలుగో రిపోర్టు వచ్చిన మరునాడు క్లాసులో సరళరేఖ పాఠం. ప్రశ్నల కాగితం తీసుకుని బోర్డు మీద మూటల లెక్క రాయడం మొదలుపెట్టాను. 34 దగ్గర చెయ్యి ఆగిపోయింది. పక్కన రాయాల్సింది 18. అక్క ఐదో పరీక్షకు ఇంకా రక్తం కూడా ఇవ్వలేదు.

రాశాను. పిల్లలు లెక్క చేసి, ఆరో వారం ఆరు మూటలని అందరూ ఒకేసారి అరిచారు. పెనుకొండ నుంచి వచ్చే ఒక అమ్మాయి, నోరు నా అంతే ఉన్న పిల్ల, లేచింది.

"ఏడో వారం మైనస్ ఏడు వస్తాండాది మేడమ్. అంటే ఎలుకలు అప్పు పెట్టి పోయిండాయా?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే బోర్డు తుడిచేశాను.

అక్క ఐదో పరీక్ష రోజు ప్యాసింజర్ రైల్లో ధర్మవరం పోతున్నాను. బండి పెనుకొండలో ఆగి ఉండగా బావ రిపోర్టు వచ్చింది. పద్దెనిమిది వేలు.

నాతో నేను గట్టిగానే వాదించుకున్నాను. ఇన్నేళ్ళలో వేల అంకెలు రాసి ఉంటాను, ఏదో ఒక వరుస ఎక్కడో ఒకచోట కలవదా? అక్క ఇంట్లో కూర్చుని అవే రిపోర్టుల్లోని హిమోగ్లోబిన్‌కు, తెల్ల కణాలకు కూడా రేఖలు వేసి చూశాను. రెండూ దశాంశాలతో చిందరవందరగా వచ్చాయి, రావాల్సినట్టే. ప్లేట్‌లెట్లు ఒక్కటే చక్కగా తెగాయి.

అప్పుడే బెంగళూరు డాక్టరు ప్లేట్‌లెట్లు ఎక్కిద్దామన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. బయటినుంచి ఎక్కిస్తే అంకె పెరగక ఎక్కడికి పోతుంది? ఎక్కించాక అక్కను హిందూపురంలో మా ఇంటికి తెచ్చుకున్నాను. పరీక్ష ఒకరోజు ముందుకు జరిపి, ఇంకో ల్యాబులో చేయించమన్నాను. బావకు విషయం చెప్పక తప్పలేదు.

"ల్యాబు మారిస్తే రక్తం మారుతాదా ఏమ్మా? నిద్ర లేక నీకు తల తిరుగుతాండాది" అన్నాడు. అయినా అక్కను కొత్త ల్యాబుకు తీసుకుపోయాడు.

రిపోర్టు కోసం చూస్తుండగా అక్క మంచం మీద నుంచి నన్నే గమనిస్తోంది.

"ఏమే, మీ పిల్లోల్లకు పెట్టినట్ల నా నెత్తురికి పరీక్షలు పెడ్తానే ఉండారు. ఎన్నొస్తే పాసో అదన్నా చెప్పు."

"ఇరవై దాటితే పాసే అక్కా."

"ఇరవయ్యేనా. ఏడో తరగతి లెక్కల్లో అంతకన్నా ఎక్కువే తెచ్చుకుంటి."

ల్యాబు అతనికే అనుమానం వచ్చి రెండోసారి చేశాడట. రెండుసార్లూ ఆరు వేలే. మిగతా ఐదింటిలో నడిమి నలభై ఐదు తప్ప అన్నీ రేఖకు కొంచెం అటో ఇటో ఉన్నాయి. ఇదీ సరిగ్గా రేఖ మీదే కూర్చుంది. కొందరి ఒంట్లో ఎక్కించినవి నిలవవని డాక్టరు ఫోన్‌లో చెప్పారు. ఆ మాట నేను ఒప్పుకుంటాను. ఎందుకు పడిపోయిందని నేను అడగడం లేదు. ఆరే ఎందుకని అడుగుతున్నాను.

"పాసా?" అంది అక్క.

"ఇంకా దిద్దలేదంట."

"నీ మొగం చూస్తే తెల్లకాయితం ఇచ్చొచ్చినట్లుండాది" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఏడో పరీక్ష చేయించే అవసరం రాలేదు.

ఆ మూటల కాగితం ఇంకా చాలామంది పిల్లల దగ్గర ఉంది. ఎవరైనా చూడొచ్చు. రిపోర్టులు బావ దగ్గర ఉన్నాయి. తెలిసిన లెక్కల మాస్టార్లకు రెండూ చూపించాను. ఒకాయన యాదృచ్ఛికం అన్నాడు. ఆ మాట నేను ఆయనకంటే ఎక్కువసార్లు బోర్డు మీద రాశాను. ఇంకొకాయన కాగితం తిరిగిచ్చేసి టీ చెప్పాడు.

పెద్దకర్మ అయ్యాక ధర్మవరంలో చుట్టాలంతా వెళ్ళిపోయారు. బావ ఆగిపోయిన మగ్గం ముందు కూర్చున్నాడు. నావైపు చూడకుండానే అడిగాడు. గొంతులో కోపం లేదు.

"ఎక్కే అంకెలు రాసింటే ఏమి పోయుండునమ్మా?"

కాగితం మీది అంకెలు ఎముకల్లోకి పోవు. అది నాకు తెలుసు. ఆ మాట ఆయనతో అనడానికి నోరు తెరిచాను కూడా. కానీ ఒక మనిషి రక్తం అంత చక్కగా ఎట్లా తెగిందో చెప్పలేనిదాన్ని ఏ మొహం పెట్టుకుని ఆ మాట అనేది?