అమ్మా అంటే పలికాను

మా పెద్దమ్మాయి కూతురు నన్ను అమ్మమ్మా అని పిలుస్తుంది. అదేం వింత, మనవరాలు అలా కాక ఇంకెలా పిలుస్తుంది అంటారు మీరు. ఐదో ఏడు వచ్చేదాకా అది నన్నలా పిలవలేదు. నన్ను అమ్మా అనేది, కన్నతల్లిని అక్కా అనేది. ఇందులో దాని తప్పు ఆవగింజంత కూడా లేదు. తప్పంతా నాది. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఎవరూ నోరు తెరిచి ఆ మాట అనలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

ఎనభైల మొదట్లో మేము రేపల్లెలో ఉండేవాళ్ళం. మా ఆయన బడిలో తెలుగు మాస్టారు. పెద్దమ్మాయి నర్సు ట్రైనింగ్ పూర్తిచేసి బాపట్లలో ఒక ఆసుపత్రిలో చేరింది. అల్లుడు మిలిటరీలో ఉండేవాడు, ఏడాదికోసారి సెలవు. పురుడు మా ఇంట్లోనే పోశాం. మూడో నెల నిండుతుండగా అమ్మాయికి సెలవు అయిపోయింది. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన క్వార్టర్స్ అంటే ఒక్కటే గది, వారం పగలు డ్యూటీ, వారం రాత్రి డ్యూటీ. పసిగుడ్డుని ఎవరి చేతిలో పెట్టి వెళ్తుంది? "నేను లేనా ఏంటే? నా దగ్గర వదిలెయ్" అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

వెళ్ళే రోజు పిల్లకి కడుపు నిండా పాలిచ్చి, తెల్లచీర కట్టుకుని బయల్దేరింది. పిల్లని ఎత్తుకుని నేను స్టేషన్ దాకా వెళ్ళాను. రేపల్లెలో బండి ఎక్కడికీ దాటిపోదు, అక్కడే ఆగి అక్కడి నుంచే తిరిగి తెనాలి వెళ్తుంది. అందుకని కదలడానికి చాలాసేపు పడుతుంది. ఆ కాసేపట్లో పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు వినేసరికి కిటికీ దగ్గర కూర్చున్న మా అమ్మాయి జాకెట్టు ముందుభాగం తడిసిపోయింది. పైట లాక్కుని కప్పుకుని, మొహం అవతలికి తిప్పుకుంది. బండి వెళ్ళిపోయింది. పిల్లని భుజాన వేసుకుని ఇంటికొచ్చాను.

అప్పటికి నాకు నలభై మూడేళ్ళు. రెండో అమ్మాయి కాలేజీకి, ఆయన బడికి వెళ్ళిపోతే పగలంతా ఇల్లు బోసిగా ఉండేది. అలాంటిది మళ్ళీ కాళ్ళ మీద పసిబిడ్డని బోర్లా పడుకోబెట్టుకుని నూనె మర్దన చేయడం, వేన్నీళ్ళు పోయడం, తల తుడిచి సాంబ్రాణి పొగ వేయడం. పిల్ల నిద్రలో నవ్వితే పొయ్యి మీద కూర మాడిపోయేది. ఆయన మాడిన కూరే తిని మారుమాటాడకుండా బడికి వెళ్ళేవారు.

నిజాంపట్నం నుంచి ఎండు రొయ్యలు, ఎండు చేపలు తెచ్చి మా వీధిలో అమ్మే ఆవిడ ఒకతె ఉండేది. ఓ రోజు గుమ్మంలో బుట్ట దించి, నా చంకలో పిల్లని చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఏంటమ్మగారూ, ఈ వయసులో మళ్ళీ కన్నారా ఏంటి!" అంది. "లేకలేక పుట్టిందిలే" అన్నాను వేళాకోళానికి. ఆవిడ నిజమే అనుకుంది. నేను కాదని చెప్పలేదు. మరో వారం వచ్చినప్పుడు ఆకులో చుట్టిన ఎండు సొరచేప ముక్కలు నా చేతిలో పెట్టి, "పులుసు పెట్టుకు తినండమ్మగారూ, బాలింతకి పాలు పడతాయి. డబ్బులొద్దులెండి" అంది. సిగ్గులేకుండా పులుసు పెట్టుకుని తిన్నాను. ఆ పులుసు తినాల్సిన బాలింత బాపట్లలో, డ్యూటీ మధ్యలో బాత్‌రూమ్‌లోకి వెళ్ళి పాలు పిండి పారబోస్తోంది. ఆ సంగతి అంతకుముందు వచ్చినప్పుడు అమ్మాయే నాకు చెప్పింది. తెలిసి కూడా తిన్నాను.

పిల్లలు ఎలా వింటే అలా పిలుస్తారు. మా వైపు ఉమ్మడి ఇళ్ళన్నిటిలోనూ ఉన్న సంగతే ఇది. ఇంట్లో మరుదులు వదినా అంటుంటే పిల్లలూ తల్లిని వదినా అంటారు. అందరూ నవ్వుకుంటారు, నాలుగు నెలల్లో దిద్దేస్తారు. మా ఇంట్లో పిల్ల చెవిన పడేదేంటి? కూతుళ్ళిద్దరూ నన్ను అమ్మా అంటారు, ఆయన్ని నాన్నా అంటారు. చిన్నది పెద్దదాన్ని అక్కా అంటుంది. పిల్లకి మాటలు రాగానే అవే పట్టుకుంది.

అమ్మాయి నెలకి రెండుసార్లు వచ్చేది. బాపట్లలో బండెక్కి, తెనాలిలో దిగి, రేపల్లె బండి కోసం కూర్చుని, మధ్యాహ్నానికి ఇల్లు చేరేది. ఒకసారి చెప్పులు విప్పుతుండగానే పిల్ల పెరట్లోకి పరిగెత్తుకొచ్చి, "అమ్మా, అక్క వచ్చింది!" అని అరిచింది. అందరం నవ్వాం. అందరికన్నా అమ్మాయే ఎక్కువ నవ్వింది. "ఓసి పిచ్చిమొహమా, నేను అక్కనా!" అని ఎత్తుకుని ముద్దులు పెట్టుకుంది. బిస్కట్టు చూపించి, "అమ్మా అను, ఇస్తాను" అని బతిమాలింది. "అక్కా" అని బిస్కట్టు లాక్కుని నా దగ్గరకొచ్చేసింది అది.

తిరుగు ప్రయాణానికి సంచి సర్దుకుంటూ అమ్మాయి, "అమ్మా, కాస్త నువ్వు దిద్దుతూ ఉండమ్మా" అంది. "అలాగేలేవే, అదేమంత పనా" అన్నాను.

రెండు రోజులు దిద్దాను కూడా. "అమ్మమ్మా అనవే" అంటే పిల్ల చక్కగా అమ్మమ్మా అంది. నోరు తిరక్కపోవడమేమీ లేదు. మూడో రోజు పొద్దున నిద్ర లేచి, కళ్ళు నులుముకుంటూ "అమ్మా" అంది. "ఏంటమ్మా" అని పలికాను. ఇక అంతే. ఆయన ఒకటి రెండుసార్లు, "దిద్దవేంటోయ్? బళ్ళో తప్పు దిద్దకపోతే పిల్లలు అదే రాస్తారు" అన్నారు. "మీ బడి బళ్ళోనే పెట్టుకోండి. పసిది, పెద్దయ్యాక దానికే తెలుస్తుంది" అని ఆయన నోరు మూయించాను. సాయంత్రం ప్రార్థనలో మాత్రం ఆయన పట్టుబట్టి, "దూరాన ఉన్న దీని తల్లినీ తండ్రినీ కాపాడు ప్రభువా" అని గట్టిగా అనేవారు. పిల్ల ఆమెన్ అనేది. ఆ తల్లి ఎవరో దానికేం తెలుసు?

మూడో ఏట పిల్లకి జ్వరం తగిలింది. కబురు అందగానే అమ్మాయి వచ్చేసింది. రావడం రావడం చేతులు కడుక్కుని, పిల్లని ఒళ్ళోకి తీసుకుని తడిగుడ్డతో ఒళ్ళు తుడవబోయింది. పిల్ల కెవ్వున అరిచి, "అక్క వద్దు, అమ్మా, అమ్మా" అంటూ నా వైపు చేతులు చాచింది. దాని గోళ్ళు గీరుకుని అమ్మాయి మెడ మీద చారలు పడ్డాయి. "ఊరందరి పిల్లలకీ సూదులు వేసి ఊరుకోబెడతానమ్మా. నా పిల్లని ఊరుకోబెట్టలేకపోతున్నాను" అంది. పిల్లని నా ఒళ్ళో పెట్టింది. తడిగుడ్డ కూడా నా చేతికే ఇచ్చి, "చంకల్లో తుడువు, నుదుటి మీద ఉంచు, గుడ్డ వేడెక్కితే మార్చు" అని పక్కన నిలబడి చెప్పింది.

ఇప్పుడు చెప్పబోయేది ఎవరితోనూ అనలేదు. అప్పుడు నాకు గర్వం కలిగింది. నా మెడ చుట్టూ చేతులు వేసి వదలకుండా ఉన్న ఆ పిల్లని చూసుకుని, దీనికి నేనే కావాలి అని లోపల పొంగిపోయాను. అసలు కంటే వడ్డీ ముద్దంటారు. ఆ మురిపెంలో నేను అసలునే మరిచిపోయాను. ఎదురుగా మెడ మీద చారలతో నిలబడ్డదీ నా ఒళ్ళో పెరిగిన పిల్లేనన్న ఇంగితం లేకపోయింది. దేవుడు క్షమించాడో లేదో నాకు తెలియదు.

ఐదో ఏడు వస్తుందనగా అల్లుడు క్రిస్మస్ సెలవుకి వచ్చాడు. పండగ మర్నాడు అందరం సూర్యలంక వెళ్ళాం. అల కాళ్ళ దాకా వచ్చేసరికి పిల్ల భయపడి, "బావా, ఎత్తుకో బావా!" అంటూ అల్లుడి కాళ్ళు చుట్టేసుకుంది. మా చిన్నమ్మాయి బావా అంటుంది కదా, ఇదీ అదే పట్టుకుంది. పక్కన గుంటూరు నుంచి వచ్చినవాళ్ళెవరో పకపకా నవ్వారు. అల్లుడూ నవ్వుతూనే పిల్లని భుజాల మీదికి ఎక్కించుకున్నాడు. దాన్ని దించేదాకా సముద్రం వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక వసారాలో నా ఎదురుగా కూర్చుని, "అత్తయ్యగారూ, మీరు లేకపోతే మాకు ఈ పిల్ల దక్కేది కాదండి. ఆ సంగతి మరిచిపోనండి. జూన్‌లో బాపట్లలోనే బళ్ళో వేద్దామండి. మా అమ్మ అడవులదీవి నుంచి వచ్చి దగ్గరుంటానంది" అన్నాడు. నా మీద అరిచినా బాగుండేది. దండం పెట్టినట్టు మాట్లాడాడు.

వంటింట్లోకి వెళ్ళి ఆయన మీద విరుచుకుపడ్డాను. "జీవితమంతా నాట్లు వేసిన మనిషి, ఆవిడకి ఆడపిల్లకి జడ వేయడం వచ్చా? అన్నం కలిపి పెట్టడం వచ్చా?" అన్నాను. "వాళ్ళు నీకు పెంచమని ఇచ్చారు. ఇచ్చెయ్యలేదు" అన్నారు ఆయన. అంతకన్నా గట్టి మాట ఆయన నన్ను ఎప్పుడూ అనలేదు.

తర్వాత జరగవలసినవన్నీ సవ్యంగానే జరిగాయి, ఆ మాటా చెప్పాలి. అడవులదీవి వియ్యపురాలు పిల్లకి నాకంటే బిగువుగా, నున్నగా జడలు వేసేది. తొంభైల్లో వేసవి సెలవులకి పిల్ల రేపల్లె వచ్చి, అమ్మమ్మా అంటూ నా వెనకే తిరిగేది. అల్లుడు మిలిటరీ నుంచి వచ్చేశాక నలుగురూ కలిసి ఉన్నారు. నా కూతురు నా మీద ఎవరినీ పల్లెత్తు మాట అననివ్వలేదు. ఆయన పోయినప్పుడు నన్ను బాపట్ల తీసుకెళ్ళిపోయింది కూడా. ఇదంతా ఆ జూన్ నెలలో తెనాలి స్టేషన్‌లో ఇంకోలా మలుపు తిరిగినా తిరిగి ఉండేదే. అందుకే అది చెప్పి ఆపేస్తాను.

తెనాలి దాకా నేను తోడు వెళ్ళి, తల్లీకూతుళ్ళని బాపట్ల బండెక్కించి వెనక్కి రావాలని అనుకున్నాం. నేనూ వస్తున్నానని పిల్ల నమ్మకం. కొత్త గౌను వేసుకుని, పలక సంచి ఒళ్ళో పెట్టుకుని, రేపల్లె నుంచి తెనాలి దాకా నన్ను ఆనుకునే కూర్చుంది. తెనాలిలో దిగి ప్లాట్‌ఫాం మార్చి ఒక బెంచీ మీద కూర్చున్నాం. ఏమీ చెప్పకుండా నేనూ బండెక్కేస్తే ఎవరేం చేస్తారులే అన్న బుద్ధి నాకు పుట్టింది. ఒక నెల ఉండి రావచ్చు, పిల్ల అలవాటు పడేదాకా అనొచ్చు. నా సంచిలో రెండు చీరలు పెట్టుకునే వచ్చాను.

అమ్మాయి ఆ సంచి చూసింది. దాని ఊసే ఎత్తలేదు. "అమ్మా, బండి వచ్చేలోగా దానికి నువ్వే చెప్పు. నేను చెబితే నమ్మదు. నువ్వు చెబితేనే నమ్ముతుంది. ఇవాళ చెప్పకపోతే ఇక నేను దానికి ఎప్పటికీ అక్కనే" అంది. ఇంతకుముందు నన్ను అది ఏదీ అలా అడగలేదు.

పిల్లని ఎదురుగా నిలబెట్టుకున్నాను. గౌను సర్దాను, జడ ముందుకు వేశాను, వెనక్కి వేశాను. అవతల బండి వస్తుందని మైకులో చెబుతున్నారు. "నేను నీకు అమ్మని కాదే తల్లీ. అమ్మమ్మని. నిన్ను కన్నది ఇది. ఇదే మీ అమ్మ. నువ్వు మీ అమ్మతో వెళ్తున్నావు, నేను రేపల్లె వెళ్ళిపోతాను" అన్నాను. మాట తడబడకుండానే వచ్చింది.

అది ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా మొహంలోకి, వాళ్ళ అమ్మ మొహంలోకి మార్చి మార్చి చూసింది. "మరి నేను అమ్మా అంటే నువ్వెందుకు పలికేదానివి?" అంది.

ఐదేళ్ళ పిల్ల. బడి పంతులు పెళ్ళాన్ని, వీధిలో అందరికీ సమాధానాలు చెప్పే నోరు నాది. దాని జడ మళ్ళీ ముందుకు వేశాను.

అమ్మాయి ప్లాట్‌ఫాం మీదే గొంతుక్కూర్చుని పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. "నేనే పలకమన్నాను నాన్నా. నేను దూరంగా డ్యూటీలో ఉంటాను కదా. నువ్వు అమ్మా అని పిలిస్తే ఎవరూ పలక్కపోతే బెంగ పెట్టుకుంటావని, నేను వచ్చేదాకా నా బదులు నువ్వు పలుకమ్మా అని అమ్మమ్మకి నేనే చెప్పాను" అంది.

అది నాకు అలా ఎప్పుడూ చెప్పలేదు. దిద్దమని చెప్పింది.

పిల్ల నా వైపు తిరిగి, "నిజమా?" అని అడిగింది. నేల మీద కూర్చున్న నా కూతురు కూడా తలెత్తి నా వైపే చూస్తోంది.

"నిజమే. మీ అమ్మ పలకమంటేనే పలికాను" అన్నాను.