షమీమ్‌కు సరిపడిన కుర్చీ

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది నన్ను ఫిజియోథెరపిస్టుగా జమ్మలమడుగులో వేశారు. వారంలో రెండేసి రోజుల చొప్పున జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల కేంద్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని చూడాలి.

జమ్మలమడుగు కేంద్రానికి వచ్చే షమీమ్‌కు ఆరేళ్లు. పుట్టినప్పుడు మెదడుకు ప్రాణవాయువు అందక మెడ, నడుము నిలవవు. తల్లి మాబున్నీ ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి తినిపించేది. అలా తినిపిస్తే ముద్ద ఊపిరితిత్తుల దారి పడుతుంది. ఆ ఏడాది అప్పటికే రెండుసార్లు నిమ్ము చేసి పాప ఆసుపత్రిలో చేరింది. మూడోసారి వస్తే తట్టుకోలేదని డాక్టరు చెప్పారు. కూర్చోబెట్టి తినిపించడం ఒక్కటే మార్గం.

జిల్లా నుంచి వచ్చే కుర్చీలన్నీ ఒకే కొలత. షమీమ్‌కు పెద్దది. ముందుకు పడకుండా ఛాతీకి బెల్టు పెట్టి ఇచ్చేశాను. నాలుగో రోజు మాబున్నీ దాన్ని తెచ్చి కేంద్రం గుమ్మంలో దించింది.

"మీ కుర్చీ మీరే పెట్టుకోండి సార్. బిడ్డ కిందికి జారితే బెల్టు గొంతుకు పడె. నేను పక్కనే ఉండా కాబట్టి సరిపాయ."

ఆమె గొంతు పెంచలేదు. తప్పు నాదేనని ఒప్పుకున్నాను.

ప్రొద్దుటూరులో మస్తాన్ అనే వడ్రంగి ఉండేవాడు. కువైట్‌లో పదేళ్లు ఫర్నిచర్ పని చేసి వచ్చినవాడు. కుర్చీ అతని దగ్గరికి తీసుకెళ్లి కొలతలు చెప్పబోయాను.

"బిడ్డను సూడకుండా చెక్క ఎట్ల కోసేది సార్?" అన్నాడు.

మరునాడు నాతో బస్సెక్కి వచ్చాడు. నేను పాపను నిటారుగా పట్టుకుంటే, నడుము నుంచి మోకాలి వెనక దాకా, అక్కణ్ణుంచి మడమ దాకా కొలిచాడు. సీటు లోతు నాలుగు అంగుళాలు తగ్గించి, కాస్త వెనక్కి వాల్చాం. వేలాడే పాదాల కింద పలక బిగించాం. ఛాతీ బెల్టు తీసేసి తుంటికి కట్టాం. తుంటి కదలకపోతే మనిషి జారడు.

మాబున్నీ నమ్మలేదు. "ఒక ముద్దే పెడతా. దగ్గిందంటే ఎత్తుకుంటా" అంది.

మెత్తగా పిసికిన సంగటి చెంచాతో పెట్టింది. ముగ్గురం పాప గొంతు వైపే చూస్తున్నాం. మింగింది. దగ్గలేదు. ఏడో చెంచాకు గిన్నె వైపు చెయ్యి చాపింది.

"ఇంగా అడుగుతాంది సూడు!" అన్నాడు మస్తాన్.

ఆ చలికాలమంతా షమీమ్ ఆసుపత్రి ముఖం చూడలేదు.

ఆ కొలతలు నాకు తెలియనివి కావు, పంపిణీ జాబితా పూర్తిచేసే తొందరలో వదిలేసినవి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, కుర్చీ ఇచ్చిన రోజున ఏ తల్లిదండ్రుల చేతా అందినట్టు సంతకం పెట్టించుకోలేదు. బిడ్డ అందులో కూర్చుని ఒక పూట తిన్నాకే పెట్టించుకున్నాను.