ఖాళీకి ముందున్న మాట

పెళ్ళికి ముందు గుంటూరులో ఒక కోచింగ్ సెంటర్‌లో ఇంగ్లీషు గ్రామర్ చెప్పేదాన్ని. చెప్పేదాన్ని అనడం కూడా ఎక్కువే, బిట్లు పెట్టించేదాన్ని. బ్యాంకు పరీక్షలకు వచ్చే పిల్లలకు నేను నూరిపోసింది ఒకటే: వాక్యం చదవొద్దు, ఖాళీకి ముందున్న మాట చూడండి. మనిషైతే హూ, వస్తువైతే విచ్. కామా ఉంటే దట్ కొట్టేయండి. ఎవరైనా అమాయకంగా "మరి అర్థం, మేడమ్?" అని అడిగితే, అర్థాలు చూస్తూ కూర్చుంటే బెల్లు కొట్టేస్తారని కసిరేదాన్ని. మార్కులు బాగానే వచ్చేవి. చీరకు కాలర్ ఉండదు గానీ, ఉంటే రోజూ ఎగరేసేదాన్నే.

పెళ్ళయి అమెరికాలోని మోరిస్‌విల్ వచ్చాక, ఉద్యోగం చేయనివ్వని డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చున్నాను. పాఠం చెప్పడానికి ఎవరూ లేకపోయేసరికి ఊరి మీద పడ్డాను. అపార్ట్‌మెంట్ ఆఫీసువాళ్ళు అంటించే నోటీసులు, పిజ్జా డబ్బాల మీది రాతలు, మా ఆయన ఆఫీసుకు పంపే మెయిల్స్, దేన్నీ వదల్లేదు. ఒకసారి ఆయన, మేనేజర్ తండ్రి పోయారని తెలిసి, సానుభూతిగా నాలుగు ముక్కలు టైప్ చేసుకుంటుంటే వెనక నుంచి తొంగిచూసి, అక్కడ హూ కాదు హూమ్ అన్నాను. ఆయన లాప్‌టాప్ మూసేసి, "నువ్వు ఇంగ్లీషు మాట్లాడవు, దిద్దుతావు" అన్నారు. ఒళ్ళు మండింది గానీ అబద్ధమేం కాదు. తెల్లవాళ్ళెవరైనా పలకరిస్తే నవ్వి తలూపడమే తప్ప నోరు పెగిలేది కాదు నాకు. ఎక్కడ తప్పు దొర్లుతుందోనని భయం.

ఎట్టకేలకు వర్క్ పర్మిట్ వచ్చింది. దగ్గర్లోని ఒక మిడిల్ స్కూల్లో టీచింగ్ అసిస్టెంట్ కావాలంటే అప్లై చేశాను. ఆ ఉద్యోగం నాకెంత కావాలో చెప్తే నవ్వుతారు. మీరేం చేస్తుంటారని ఎవరైనా అడిగితే మా ఆయన ఉద్యోగం గురించి చెప్పడం మొదలుపెట్టే అలవాటు నాది. తలా ఒక వంటకం తెచ్చుకునే పొట్‌లక్ విందులో ఒకావిడ ఊరుకోకుండా, అది సరే, మరి మీరో అంది. బాత్రూమ్ ఎటు అని అడిగి పారిపోయాను. అవసరం లేకపోయినా వెళ్ళి, చేతులు కడుక్కుని, అద్దంలో నన్ను చూసుకుని కాసేపు అక్కడే నిలబడ్డాను. ఇంకోసారి అలా నిలబడలేను అనిపించింది.

ముందు రాతపరీక్ష. గ్రామర్‌లో ఒక్క మార్కు పోలేదు. ఆ సాయంత్రమే పులిహోర కలిపి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకు పంచి, ఉద్యోగం వచ్చేసినట్టే చెప్పుకున్నాను. ఇంకా డెమో క్లాసు ఉంది కదా, కాస్త ఆగమన్నారు మా ఆయన. డెమోనా, నాకా, అనుకున్నాను.

డెమో చిన్న గదిలో. ఆరో తరగతి అమ్మాయి ఒకతె, ఆమె ముందు గ్రామర్ ప్రాక్టీస్ పేపర్. పక్క కుర్చీలో స్కూలు టీచరు, చేతిలో పెన్నూ ప్యాడూ పట్టుకుని. పేపర్ మీద పెద్ద ప్యాసేజీ, మధ్యమధ్యలో ఖాళీలు, ఒక్కో ఖాళీకి నాలుగేసి ఆప్షన్లు. అమ్మాయి పెదాలు కదుపుతూ మొదటి లైను నుంచి నింపాదిగా చదువుతోంది. ఇలా అయితే ఎప్పటికి తెమిలేది? నాలో గుంటూరు లేచింది. అరచేత్తో ప్యాసేజీని కప్పేసి, ఖాళీ, దాని ముందు మాట మాత్రమే కనిపించేలా వేళ్ళు ఎడం చేశాను. మా సెంటర్‌లో బాగా పేరున్న విద్య అది. సిస్టర్, మనిషి, హూ. కేక్, వస్తువు, కామా ఉంది, విచ్. గడగడా అయిపోయాయి. చూశారా అన్నట్టు టీచరు వైపు ఒక చూపు కూడా విసిరాను. ఆవిడ ఏమీ రాసుకోవడం లేదు.

అప్పుడు అమ్మాయి నా చెయ్యి మెల్లగా ఎత్తి పక్కన పెట్టింది. చివరిదాకా చదివింది. పేజీ తిప్పి చూసింది. అవతల తేనెటీగల మీద ఇంకో ప్యాసేజీ ఉంది.

"అయితే కేక్ పెళ్ళికి చేరిందా?" అని అడిగింది.

అది ప్రశ్నల్లో లేదన్నాను.

"లేదు. కానీ మీకు తెలుసుకోవాలని లేదా?"

ఏ కేకు? ఎవరి పెళ్ళి? అన్ని జవాబులూ చెప్పిన మహాతల్లిని, ఒక్క ముక్క చదివితే ఒట్టు. టీచరు నావైపే చూస్తోంది. పోయింది, ఉద్యోగం పోయింది అనుకున్నాను. ఇక దాచుకోవడానికి ఏముందని, "ఐ డిడ్ నాట్ రీడ్. ప్లీజ్, యూ టెల్ మీ" అన్నాను.

అమ్మాయి చేతులు తిప్పుతూ చెప్పింది. ఒకామె చెల్లెలి పెళ్ళికి తనే కేక్ చేసిందట. తెల్లారి వ్యాన్‌లో పెట్టుకుని బయల్దేరితే బ్రిడ్జి మీద మంచులో ఇరుక్కుపోయిందట. అంతే, అక్కడితో ఆపేశారు. ఎంత అన్యాయం! నాకు నిజంగా కోపం వచ్చింది. పెళ్ళివాళ్ళు నడిచి వచ్చి మోసుకెళ్ళాలి అంది అమ్మాయి. అన్ని అంతస్తుల కేకు మోస్తే జారి పడదూ, పెళ్ళికూతుర్నే బ్రిడ్జి మీదికి తీసుకొస్తే సరి అన్నాను నేను. చలికి చచ్చిపోతుంది అంది తను. దుప్పటి కప్పుదాం అన్నాను. హూ ఎక్కడ పడిందో, విచ్ ఎక్కడ ఎగిరిపోయిందో దేవుడికే తెలియాలి. టీచరు టైమ్ అయిందని చెప్పేదాకా మేమిద్దరం వాదించుకుంటూనే ఉన్నాం.

అమ్మాయి వెళ్ళిపోయాక ఆవిడ, గ్రామర్ నేర్పడానికి తమ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉందనీ, పిల్లల పక్కన కూర్చునే మనిషే దొరకడం లేదనీ చెప్పింది. సోమవారం నుంచి రాగలరా అని అడిగింది.

కారులో కూర్చుని మా ఆయనకు ఫోన్ చేశాను. హలో అనగానే ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన కంగారుపడిపోయారు. పోనీలే, ఇంకో స్కూల్ చూద్దాం, నష్టం వాళ్ళకే అన్నారు. నేను ఇంకా వెక్కుతూనే ఉన్నాను.

"ఇన్నేళ్ళూ నిన్ను ఇంట్లో కూర్చోబెట్టింది నా వీసానే. నాకు తెలియదనుకున్నావా? తెలుసు. ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను" అన్నారు.

ఆ మాట ఆయన నోటి వెంట ఎప్పుడూ వినలేదు. ఉద్యోగం వచ్చిందని చెప్పేయాలి. పాపం, అవతల మనిషి గొంతు వణుకుతోంది కూడా. అయినా చెప్పలేదు. ఇంకాసేపు ఏడుస్తూ వింటూ కూర్చున్నాను.