బ్లీచింగ్ తొట్టి దగ్గర నుంచి దేవుడు నా ఊపిరిని విడిపించాడు

పెనుకొండ సంఘంలోని సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు. నేను సోమందేపల్లి రూతమ్మను. చానా కాలం ఆదివారం పాటల వరసలో మీ ముందర నిలబడి పెదాలు కదిలించానే గానీ నేను పాడలేదు, పక్కనున్న వాళ్ళకు కూడా తెలియనివ్వలేదు, ఎందుకంటే ఒక్క చరణం పూర్తిగా పాడే ఊపిరి నాలో లేకుండా పోయింది. దమ్ము పట్టుకుంటే గోడ పట్టుకొని కూర్చునేదాన్ని, ఆ దినాలు తలచుకుంటే ఇప్పటికీ నాకు భయమే.

నేను హిందూపురం పక్కన చేత్తో కాగితం చేసే చిన్న కార్ఖానాలో పని చేస్తాను. చెట్టు కొట్టకుండా చేసే కాగితం మాది. బట్టల ఫ్యాక్టరీల్లో కత్తిరించగా మిగిలిన నూలు గుడ్డముక్కలు తెచ్చి, నానబెట్టి, మెషీన్లో మెత్తగా గుజ్జు చేసి, జల్లెడలాంటి చట్రంతో నీళ్లలోంచి పల్చగా ఎత్తి ఆరబెడతాం, దాంతో నోటుపుస్తకాలు, ఫైళ్లు, పెండ్లికార్డుల కవర్లు చేస్తాం. ఎండలో కూలికి పోయి పోయి విసిగిన నాకు, ఇది నా పని అని చెప్పుకోవడానికి దొరికింది అదొక్కటే. అయితే కాగితం తెల్లగా రావాలని గుజ్జును బ్లీచింగ్ తొట్టిలో వేసేవాళ్ళం, ఆ తొట్టి దగ్గర నిలబడేది నేను. ఆ ఘాటు నా రొమ్ములోకి దిగింది, ఆ నీళ్లు కాలవలో పారి గట్టు అవతల చేన్లో చెనిక్కాయ చెట్లను మాడ్చేవి. డాక్టరమ్మ దమ్ముకు నోటితో పీల్చే పఫ్ ఇచ్చి, ఆ పని మానేయాలమ్మా అని గట్టిగా చెప్పింది.

నేను మాననని మొండికేశాను. మన మందిరంలో ఉపవాస కూడికలు జరిగినప్పుడు సెలవు పెట్టి వారమంతా ఈడనే ప్రార్థనలో ఉన్నాను, ఊపిరి ఎంత హాయిగా ఆడిందో చెప్పలేను, స్వస్థపడ్డానని మీ ముందరే నిలబడి చెప్పాను, మీరంతా స్తోత్రం అన్నారు. సోమవారం పనికి పోయాను, మధ్యాహ్నానికి మళ్లీ పట్టుకుంది. నాకు విశ్వాసం చాలలేదని కొందరన్నారు. ఆ మాట నన్ను జబ్బు కంటే ఎక్కువ బాధపెట్టింది, దేవుని మీద అలిగి ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నాను. అప్పుడు మా అవ్వ నా తల దగ్గర కూర్చొని, "ఏమ్మే, మందిరంలో బాగుండి తొట్టికాడ బాగలేదంటే, దేవునిదేం తప్పుండాది? తొట్టిది కదా తప్పు" అనింది.

సహోదరులారా, ఆ మాటతో నా ప్రార్థనే మారిపోయింది. మంచం దిగి మోకరించి ఇట్లా అడిగాను: "ప్రభువా, మట్టిలో ఊపిరి ఊదినవాడివి నీవే. పని మానుకోమని మాత్రం నాతో చెప్పొద్దు. నన్ను ఆ తొట్టి నుంచి విడిపించు, ఆ తొట్టినే ఆడ లేకుండా చెయ్యి. నా పక్కన పనిచేసేవాళ్ళకూ, ఆ చెనిక్కాయ చేనుకూ కూడా ఊపిరి కావాలి తండ్రీ."

మరుసటి దినం మా ఓనరు నాగరాజన్న దగ్గరికి పోయి, "బ్లీచింగ్ వద్దన్నా" అన్నాను. "తెల్లగా లేకుంటే యాడ అమ్మేది రూతమ్మా?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు, ఆయన భయం ఆయనది. అయినా ఒకసారి చేసి చూడమన్నాడు. మేము ఆడవాళ్ళందరం వాకిట్లో ఎండ వెలుతురులో కూర్చొని రంగు గుడ్డలన్నీ ఏరేసి, తెల్ల ముక్కలతోనే గుజ్జు చేశాం, కాగితం పాలమీగడ రంగులో వచ్చింది. నా కంటికి ఎంత అందంగా కనిపించిందో! దాన్ని సంచిలో పెట్టుకొని, పక్కనే పఫ్ పెట్టుకొని, హిందూపురంలో అంగడి అంగడీ తిరిగాను. పాత కాగితం మాదిరి ఉండాదని అందరూ వెనక్కిచ్చారు. నేను తిరగడం మానలేదు.

చివరికి ధర్మవరం బస్సెక్కాను. ఆడ ఒక పట్టుచీరల వ్యాపారి నా కాగితం వాసన చూసి, "దీంట్లో బ్లీచింగ్ ఉండాదామ్మా?" అని అడిగాడు. "లేదన్నా" అన్నాను. ఆయన కష్టం ఏమంటే, చీర మడతల మధ్య పెట్టే బ్లీచింగ్ చేసిన తెల్ల కాగితానికి వెండి జరీ నల్లబడి కొన్నవాళ్ళు చీరలు తిరిగి తెస్తున్నారంట. మన కాగితం పెట్టి ఒక జరీచీరను వానాకాలమంతా బీరువాలో ఉంచి చూశాడు, జరీ మెరుపు పోలేదు. తన చీరలన్నిటికీ అదే కాగితం కావాలని మనిషిని పంపాడు. అంగళ్లన్నీ ఏ రంగును వద్దన్నాయో, ఆ రంగు కోసమే దేవుడు ఒక తలుపు తెరిచాడు, దేవునికే మహిమ!

నాగరాజన్న తన చేతుల్తోనే ఆ తొట్టిని కడిగాడు. దాంట్లో ఇప్పుడు గుడ్డముక్కలు మంచినీళ్లలో నానతాండాయి, గట్టు అవతల చెనిక్కాయ చేను పచ్చగా ఉండాది. డాక్టరమ్మ చెప్పినట్టు పఫ్ ఇంకా నా సంచిలోనే ఉంది, వాడే అవసరం తగ్గింది, అది చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

మీలో ఎవరైనా ప్రార్థించి స్వస్థపడి మళ్లీ పడిపోయి ఉంటే, మీ విశ్వాసం తక్కువని ఎవరైనా అని ఉంటే, నా మాట వినండి. లేచి మళ్లీ అడగండి, మిమ్మల్ని పడేస్తున్నది ఏదో చూపించమని ఆయన్నే అడగండి, చూపించిన తర్వాత మాత్రం పట్టు వదలొద్దు. ఆయనను నమ్ముకుంటే ఆయన మన పనిలోకి కూడా దిగి వస్తాడు.

పాస్టరయ్యగారూ, ఈ దినం పాట నేను ఎత్తుకుంటాను. అన్ని చరణాలూ పాడతాను, మీరంతా నాతో కలవండి.