కొత్త పాఠం లేని వారం

రండి, ఇలా దగ్గరగా వచ్చి కూర్చోండి. చాప మీద చోటుంది, చంటిపిల్లలుంటే ఒళ్ళో పెట్టుకోండి. పొయ్యి మీద ఏదైనా ఉంటే కట్టేసి మరీ రండి, ఎందుకంటే నేను మొదలుపెడితే మధ్యలో ఆపను. ఇది మా మనవరాలు గెలిచిన కథ. దాన్ని గెలిపించిన బడి కథ కూడా.

మేం గోపాలపట్నంలో ఉంటాం. మా సొంతూరు విజయనగరం అవతల. మా అబ్బాయికి పోర్టులో పని దొరికాక పొలం కౌలుకిచ్చేసి ఇక్కడికి వచ్చాం. వాడివి షిఫ్టులు. కోడలు బట్టల షాపులో పనిచేస్తుంది. మనవరాల్ని బడికి దింపడం, తీసుకురావడం నా పని. నేను చదివింది మూడో తరగతి, అదీ సగమే. కానీ ఒకసారి కళ్ళతో చూసింది మాత్రం నా బుర్రలోంచి పోదు.

మా వీధి మలుపులో సిస్టర్లు నడిపే చిన్న బడి ఉంది. ఐదో తరగతి దాకానే. మనవరాల్ని అందులో చేర్పించడానికి ఎండాకాలంలో వెళ్ళాను. బడికి సెలవులు కదా, ఎవరుంటారులే అనుకుంటే, పెద్ద హాల్లో టీచర్లందరూ నేల మీద కూర్చుని ఉన్నారు. మధ్యలో మంచమంత కాగితం పరిచి ఉంది. దాని నిండా గడులు. నెలకో వరస. పండగలకి పసుపు రంగు, వానలకి నీలం రంగు వేశారు. వినాయక చవితి, దసరా, క్రిస్మస్ అన్నీ ఉన్నాయి. ఒక టీచరమ్మ అంటోంది: "వానల్లో పెందుర్తి నుంచొచ్చే ఆటోలు లేటండి. మొదటి పీరియడ్‌లో లెక్కలు పెడితే సగం మందికి అందవండి." అంతే, లెక్కల చీటీ తీసి రెండో పీరియడ్‌లో అంటించారు. మొక్కల పాఠాన్ని చిక్కుడు గింజలు వేసుకునే రోజులకి జరిపారు. నాకు మా నాన్న గుర్తొచ్చాడు. ఏ మడిలో ఎప్పుడు ఏది వేయాలో అరుగు మీద సుద్దతో గీసుకుని చూసుకునేవాడు. బడికీ అలాగే ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ప్రతి నెల చివరా ఒక గడి ఖాళీగా ఉంది. ఉండబట్టలేక అడిగేశాను.

"సిస్టరమ్మా, ఆ గడుల్లో ఏటీ రాయనేదేటి? మరిసిపోనారా?"

పెద్ద సిస్టర్‌ది కేరళ. తెలుగు పుస్తకంలోలా మాట్లాడుతుంది. నవ్వి, "మరచిపోలేదు మామ్మగారూ. అది ఆగే వారం. ఆ వారం కొత్త పాఠం చెప్పం. ఎవరు ఎక్కడ ఆగిపోయారో చూసి, పాఠం వచ్చినవాళ్ళే వెళ్ళి రానివాళ్ళను తీసుకొస్తారు" అంది.

హాల్లో గోడ మీద వాళ్ళ దేవుడి పటం ఉంది, భుజాల మీద గొర్రెపిల్లని మోసుకొస్తూ. మా ఊళ్ళో గొర్రెలు కాసే ఆయన కూడా పొద్దుగూకేవేళ ఒక్క పిల్ల తగ్గినా మందనంతా ఆపి వెనక్కి వెళ్ళేవాడు. ఈ బడి మన పిల్లకి సరిపోతుందని అక్కడే తీర్మానించుకున్నాను.

మొదటి ఏడాది హాయిగా గడిచింది. అక్కడ ఏదైనా ముందు చేత్తో చేయాలి, తర్వాత నోటితో చెప్పాలి, ఆ తర్వాతే పుస్తకంలో రాయాలి. పొద్దున్న ప్రార్థన అందరికీ ఉంటుంది. తర్వాత వాళ్ళ మతం పిల్లలు ఒక గదిలోకి, మనలాంటివాళ్ళు నీతి కథలకి ఇంకో గదిలోకి. మా మనవరాలు ఇంట్లో కూడా అన్నం ముందు సింహాచలం అప్పన్న పటానికి ఎదురుగా కూర్చుని నుదుటి మీద, గుండె మీద సిలువ గుర్తు వేసుకునేది.

"సూడత్తా, మీ మనవరాలు ఏటి సేత్తందో!" అని కోడలు కంగారుపడింది.

"ఒగ్గేయే. ఎవులికి మొక్కినా అన్నం ముందే మొక్కుతంది కదా. అప్పన్నకేటీ కోపం రాదు."

రెండో తరగతిలో, వానాకాలంలో, పిల్లకి పచ్చకామెర్లు వచ్చాయి. బడి మానేసి మంచం మీదే ఉంది. లేచి బడికి వెళ్ళేసరికి తరగతి అంతా పెద్ద తీసివేతల్లోకి వెళ్ళిపోయింది. పై అంకె చిన్నదైతే పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకుని తీస్తారే, అవి. మిగతావాళ్ళు చకచకా చేస్తుంటే ఇది పెన్సిలు కొరుక్కుంటూ కూర్చునేది. తర్వాత లెక్కల పీరియడ్ వస్తే కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది. కోడలు భయపడిపోయింది. "మళ్ళీ ఒకటో తరగతిలో కూకోబెట్టేద్దామత్తా. నేకపోతే వేరే ఇస్కూలు సూద్దాం" అంది. ఆ మాట విన్న పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. తన జతవాళ్ళని వదిలి, చిన్నపిల్లల బెంచీలో కూర్చోవడమంటే దానికి చావుతో సమానం.

"ఆగే వారం వస్తాది కదే, అప్పుడు దారిలో పడిపోద్ది" అని నేను ఇద్దరికీ ధైర్యం చెప్పాను. సరిగ్గా అప్పుడే ఆ వారానికే ఎసరొచ్చింది.

తల్లిదండ్రుల మీటింగుకి నేనే వెళ్ళాను. హైవే మీద ఇనుప సామాన్ల షాపున్న ఒకాయన లేచాడు. ఆయన కొడుకు మా మనవరాలి తరగతే, ఎప్పుడూ మొదటి ర్యాంకు.

"సిస్టర్, పక్క ఇస్కూల్లో పుస్తకం సగం అయిపోనాది. మనం నెలకో వారం ఆగి కూకుంటన్నాం. వచ్చినోళ్ళు రానోళ్ళ కోసం ఏల ఆగాలి? ఆ వారం తీసేసి పరీచ్చలు పెట్టండి."

చాలామంది తలలూపారు. నేను లేచి అడ్డం చెబుదామంటే ఆ రానివాళ్ళలో మా పిల్లే ఉంది. ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

పెద్ద సిస్టర్ వాదించలేదు. "వచ్చే వారమే ఆగే వారం. మీరందరూ వచ్చి తరగతిలో కూర్చోండి. చూసిన తర్వాత కూడా వద్దంటే తీసేద్దాం" అంది.

ఆ రోజు రానే వచ్చింది. బెంచీలు గోడవారకి జరిపి నేల మీద చాపలు పరిచారు. మేం పెద్దవాళ్ళం ఆ చిన్న బెంచీల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం. షాపాయన పట్టక, సగం బెంచీ బయటే ఉన్నాడు. భీమవరం వైపు నుంచి వచ్చిన టీచరమ్మ పిల్లల్ని జతలు చేసింది, వచ్చినవాళ్ళకి రానివాళ్ళు. మా మనవరాలికి జత ఎవరనుకున్నారు? షాపాయన కొడుకే!

వాడు పలక మీద ముప్పై రెండు రాసి కింద ఎనిమిది రాశాడు. "రెండులోంచి ఎనిమిది పోదు కదా. ఈ మూడు కొట్టేసి రెండు రాయాలి. ఇక్కడ రెండు పక్కన ఒకటి పెట్టాలి. పన్నెండు అయిపోద్ది."

"ఏల?" అంది మా పిల్ల.

"అలాగే రాయాలి."

"అక్కడ ఒకటే కదా తీసినావు. ఇక్కడికొచ్చేసరికి పది ఎలాగయిపోనాది?"

వాడు మళ్ళీ మూడు కొట్టేసి చూపించాడు. ఇది మళ్ళీ అదే అడిగింది. వాడు తండ్రి వైపు చూశాడు.

"సెప్పరా!" అన్నాడు తండ్రి. కొడుకు చెప్పలేకపోయేసరికి తనే ముందుకి వంగాడు. "అప్పు తెచ్చుకోవాలి తల్లీ, పక్కోడి దగ్గర."

"మరెప్పుడు తిరిగిచ్చేత్తాం?"

గదంతా గొల్లుమంది. షాపాయన తల గోక్కున్నాడు. "అది... ఇచ్చేది ఉండదమ్మా" అన్నాడు.

"మరది అప్పేటి, దొంగతనం కదా!"

నవ్వి నవ్వి ఒకావిడకి పొలమారింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేనూ చిన్నప్పుడు అలాగే కొట్టేసి రాశాను. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. అడగాలని తెలియక ఊరుకున్నాను. ఇది అడుగుతోంది. కడుపునొప్పి అని పడుకున్న పిల్ల, అంతమంది పెద్దల మధ్య, మొదటి ర్యాంకు వాణ్ణి పట్టుకుని అడుగుతోంది.

టీచరమ్మ మూల నుంచి కొబ్బరి ఈనెల బుట్ట తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి వెళ్ళిపోయింది. పదేసి ఈనెలకి రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టి ఉన్నాయి. ఒకటో తరగతిలో వీళ్ళు కట్టినవే.

వాడు మూడు కట్టలు, రెండు విడి ఈనెలు పెట్టాడు. "ముప్పై రెండు. ఎనిమిది తియ్యి."

ఇది విడిగా ఉన్న రెండూ తీసింది. ఇంకా కావాలి. ఒక కట్టలోంచి ఈనె లాగబోయింది, బ్యాండు బిగుతుగా ఉంది, రాలేదు. కాసేపు కట్టవంక చూసింది. తర్వాత బ్యాండు జార్చేసింది. ఈనెలు చాప మీద చెల్లాచెదురుగా పడ్డాయి.

పిల్ల కళ్ళు ఇంతింతయ్యాయి. "కట్ట ఒకటే పోనాది. పుల్లలు పది వచ్చీసాయి!"

వాడు పలకని చూశాడు, ఈనెలని చూశాడు. "ఓరి నాయనో! అందుకా మూడు కొట్టేది!" అని ఎగిరి గంతేశాడు. లెక్క రానిది మా పిల్లకే అనుకున్నాం. తీరా చూస్తే వాడికీ ఆ రోజే వచ్చింది. ఇద్దరూ తలలు ఢీకొట్టుకుంటూ మిగిలినవి లెక్కపెట్టారు. రెండు కట్టలు, నాలుగు ఈనెలు. ఇరవై నాలుగు! ఇంకోటి చెయ్యి, ఇంకోటి చెయ్యి అని ఒకరి మీద ఒకరు కేకలు. ఊడిన బ్యాండు మా మనవరాలు గాజులా చేతికి వేసుకుంది.

షాపాయన బెంచీ మీంచి దిగి చాప మీదకే వచ్చేశాడు. "నాను రోజూ సేసే పనే కదరా ఇది! ఎవులైనా లూజు మేకులు అడిగితే పేకెట్టు విప్పి ఇత్తాను. ఒక పేకెట్టు తగ్గుద్ది, మేకులు తగ్గవు" అన్నాడు.

వెనక నుంచి ఇంకో పిల్లవాడి తండ్రి ఊరుకుంటాడా? "ఏటి బావా, పక్క ఇస్కూల్లో పుస్తకం సగం అయిపోనాదన్నావ్?"

"ఊరుకో బావా. పుస్తకం అయిపోతే సరిపోద్దేటి, పిల్లగుంటల బుర్రలోకి ఎల్లాలి గానీ."

పెద్ద సిస్టర్ గుమ్మంలో నిలబడి అడిగింది. "మరి ఆ ఖాళీ గడి ఉంచమంటారా?"

"ఉంచండి సిస్టర్. మావోడికి ఇన్నాళ్ళూ రాత వచ్చింది, లెక్క రానేదు. వచ్చే నెల నానూ వత్తాను. కాపోతే బెంచీ ఒకటి పెద్దది పెట్టించండి."

ఆ మాటకి గదిలో చప్పట్లు మోగాయి. గట్టిగా కొట్టింది నేనే, చేతులు మండేలా. ఇంటికి వస్తుంటే పిల్ల నా చెయ్యి వదిలేసి ముందు పరిగెత్తింది. కోడలు షాపు నుంచి రాగానే, ఒకటో తరగతి మాట ఎత్తకముందే, లెక్క వచ్చేసిందంటూ బ్యాండు వేసుకున్న చెయ్యి చాచి చూపించింది. కోడలు పిల్లని ఎత్తుకుని తిప్పింది. రెండో తరగతి పిల్ల రెండో తరగతిలోనే ఉంది. కడుపునొప్పి మళ్ళీ రాలేదు. ఆ పై నెల ఆగే వారంలో మా మనవరాలు వచ్చినవాళ్ళ వైపు కూర్చుంది, తెలుసా!

ఇక ఆ తర్వాత ఒక ఆదివారం సంగతి కూడా చెప్పేస్తాను. వాకిట్లో గోల గోలగా ఉంటే బయటికి వచ్చాను. మనవరాలు మెట్ల మీద మా వీధి పిల్లలందరినీ కూర్చోబెట్టింది. నా కొత్త చీపురు కట్టు విప్పి ఈనెలన్నీ పరిచేసింది.

"ఓసే, నా సీపురే! రేపు వాకిలి దేంతో తుడవాలి?"

"కూకో మామ్మా," అంది వెనక్కి తిరగకుండానే. "నీకూ రాదు కదా. నీ కోసం ఆగుతాను."

కూర్చున్నాను. కట్ట విప్పాను. ఇంత వయసుకి నాకు తీసివేత వచ్చింది.

ఇంతసేపు విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పిల్లల నోట్లో "ఏల?" అనే మాట ఎండిపోకూడదు. అది వినగానే విసుక్కోకుండా ఆగే గురువులు వాళ్ళకి దొరకాలి. మీ గుమ్మంలో చెప్పులు ఎప్పుడూ నిండుగా ఉండాలి. మీ వాకిట్లో చీపురు విప్పే మనవలు పుట్టాలి, తుడవడానికి ఇంకో చీపురు కూడా ఉండాలి.